పాత సామానుతో ఫ్లాట్‌హెడ్ ఇంజిన్ బతకదన్నది అబద్ధం: ఒక్కో మాటకీ జవాబు

సాలూరు నుంచి సుంకి, కోరాపుట్, జైపూర్ దాకా లారీ ఓనర్ల ఫోన్లలో, మెకానిక్ షెడ్లలో ఒక మెసేజ్ చాలా రోజులుగా తిరుగుతోంది. రాసిందెవరో తెలీదు. అందులో ఉన్నది ఇదీ: "పాత పెట్రోలు బండ్ల ఫ్లాట్‌హెడ్ ఇంజిన్‌కి సామాన్లు దొరకవు. తుక్కులోంచి తీసిన పార్టులు వేస్తే నెల తిరక్కుండా సీజ్ అవుతుంది (లోపల పట్టేసి తిరగడం ఆగిపోతుంది). బ్లాకు చిట్లితే ఇక అంతే. ఈ ఇంజిన్లు పుట్టుకతోనే వేడెక్కుతాయి, ఘాట్ ఎక్కలేవు. ఇప్పటి పెట్రోల్లో లెడ్ లేదు, వాల్వులు కాలిపోతాయి. హెడ్ కోయిస్తే మాత్రం కాస్త పికప్ వస్తుంది. దండగ ఖర్చు మానేసి డీజిల్ ఇంజిన్ వేసుకోండి, లేదా కాటాకి ఇచ్చేయండి."

దీన్ని నమ్మి జైపూర్ అవతల ఒక పెద్దాయన షెడ్డులో ఉన్న డాడ్జ్ ఇంజిన్‌ని కిలోల లెక్కన అమ్మేశారు. ఆ బ్లాకూ (సిలిండర్లుండే ఇనుప దిమ్మ) క్రాంకూ (పిస్టన్లు తిప్పే ఇరుసు) నేను చూశాను, రెండూ పనికొచ్చేవే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. ఫ్లాట్‌హెడ్ అంటే సైడ్ వాల్వ్ ఇంజిన్. వాల్వులు హెడ్‌లో ఉండవు, సిలిండర్ పక్కనే బ్లాకులో నిలబడి ఉంటాయి. హెడ్ అంటే పైన మూతే, దాంట్లో నీళ్ల దారులు, ప్లగ్ రంధ్రాలు తప్ప కదిలే వస్తువు ఒక్కటీ ఉండదు. రాకర్లు లేవు, పొడవాటి పుష్‌రాడ్లు లేవు. యుద్ధం అయ్యాక సైన్యం వదిలించుకున్న డాడ్జ్, ఫోర్డ్, విల్లీస్ బండ్లలో ఉన్నవి ఇవే. ఆ తర్వాత ప్రీమియర్ వాళ్లు బొంబాయి కుర్లాలో బిగించిన డాడ్జ్, ఫార్గో పెట్రోలు లారీల్లోనూ ఇవే. మన కొండల్లోకి రైలు రాకముందు, మాచ్‌ఖండ్ జలవిద్యుత్ ప్రాజెక్టు కడుతున్న రోజుల్లో, బరువులన్నీ రోడ్డు మీద లారీల్లోనే ఎక్కాలి. ఇలాంటి ఇంజిన్లు మన ప్రాంతానికి కొత్తేం కాదు.

ఇక ఒక్కో మాటా చూద్దాం.

"సామాన్లు దొరకవు." షాపులో డబ్బాలో దొరకవన్నది నిజం. అసలు దొరకవన్నది మాత్రం తప్పు. డాడ్జ్ ఆరు సిలిండర్ల ఇంజిన్‌నే తీసుకోండి. 230 ఘనపు అంగుళాలది, అంటే సుమారు 3.8 లీటర్లు, బోరు (సిలిండర్ వెడల్పు) 3¼ అంగుళాలు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 4⅝. దాని తమ్ముడు 218కి కూడా బోరు అంతే, స్ట్రోకు మాత్రం 4⅜. ప్లిమత్, డిసోటో, ఫార్గో అన్నీ ఈ కుటుంబమే, పైగా ఇవే ఇంజిన్లు వెల్డింగ్ సెట్లకీ పంపులకీ కూడా బిగించారు. కాబట్టి లారీ ఇంజిన్ కోసం లారీ ఇంజిన్నే వెతకక్కర్లేదు. ఒక్క జాగ్రత్త. ఈ కుటుంబంలో హెడ్ పొడవు 23 అంగుళాలది ఒకటి, 25 అంగుళాలది ఒకటి ఉన్నాయి, పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. హెడ్, గాస్కెట్, క్రాంకు, క్యామ్‌షాఫ్ట్ దానివి దీనికి ఎక్కవు. పాత ఇనుము కొట్టుకి వెళ్లేటప్పుడు టేపు జేబులో పెట్టుకుని వెళ్లండి, కొలిచాకే బేరం ఆడండి.

పిస్టన్లు దొరక్కపోతే? బోరు అరిగిపోయి పాత పిస్టన్లు బాగుంటే, బోరుకి లైనరు (లోపల తొడిగే గొట్టం) కొట్టించి మళ్లీ స్టాండర్డ్ సైజుకి తెచ్చి అవే పిస్టన్లు వాడుకోవచ్చు. వాల్వులకి కాండం మందం, తల వెడల్పు చెబితే లేత్ మీద వేరే బండి వాల్వుని సైజుకి తీసిస్తారు. హెడ్ గాస్కెట్ రాగి రేకుతో కోయిస్తారు. విజయవాడ, విశాఖ ఆటోనగర్లలో ఈ పనులు చేసే చేతులు ఇంకా ఉన్నాయి. మన వైపే సునాబేడా హెచ్‌ఏఎల్‌లో విమానాల ఇంజిన్ల మీద పనిచేసి రిటైరైన ఫిట్టర్లున్నారు, మైక్రోమీటరు పట్టుకోవడం వాళ్లకి ఒకరు నేర్పక్కర్లేదు, కనపడితే వదలకండి.

"తుక్కు పార్టులు వేస్తే సీజ్ అవుతుంది." ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఎక్కువమంది భయపడేది దీనికే. సీజ్ అయిన ఇంజిన్లు నేనూ చూశాను. విప్పితే ప్రతిసారీ కారణం ఒకటే తరహా: కొలవకుండా బిగించడం, కడక్కుండా బిగించడం. పార్టు పాతదైనందుకు సీజ్ అయిన ఇంజిన్ నాకు ఇంతవరకూ కనపడలేదు.

ముందు కడగడం సంగతి. ఈ ఇంజిన్లకి ఆయిల్ ఫిల్టర్ ఉన్నా అది బైపాస్ రకం, ఆయిల్లో కొంత భాగమే దాంట్లోంచి పోతుంది, మిగతాదంతా ఫిల్టర్ ముఖం చూడకుండానే బేరింగులకి వెళ్తుంది. ఆ కాలపు ఆయిల్ కూడా మడ్డిని తనలో కలుపుకుని పోయే రకం కాదు, ఎక్కడి మడ్డి అక్కడే పేరుకుంటుంది. ఏళ్ల తరబడి మూల పడున్న క్రాంకులో ఆయిల్ రంధ్రాలు జిడ్డు గట్టిపడి మూసుకుపోయి ఉంటాయి. పైన నిగనిగలాడేలా గ్రైండింగ్ చేయించి, ఆ రంధ్రాల్లో కిరోసినూ సన్నని బ్రష్షూ పెట్టి తోమకపోతే, గ్రైండింగ్ పొడి కూడా లోపలే ఉండిపోతుంది. బండి తిరగ్గానే అదంతా కొత్త బేరింగు మీదికి వస్తుంది. బ్లాకులో ఆయిల్ దారి చివర ఉండే ప్లగ్గులు కూడా విప్పి, ఆ చివర నుంచి ఈ చివరకి వెలుతురు కనపడేదాకా తోమాలి. ఇది డబ్బుతో జరిగే పని కాదు, ఓపికతో జరిగే పని, అందుకే ఎగ్గొడతారు.

తర్వాత కొలత. క్రాంకు ప్రతి జర్నల్‌నీ, అంటే బేరింగులో తిరిగే భాగాన్ని, అడ్డంగా, నిలువుగా, రెండు చివరల్లో కొలవాలి. గుండ్రం తప్పినా, ఒక పక్క సన్నబడినా గ్రైండింగే. పది థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), ఇరవై థౌ, ముప్పై థౌ తగ్గించి దానికి సరిపడే షెల్ బేరింగులు వేస్తారు. ముందు బేరింగులు చేతికొచ్చాకే గ్రైండింగ్‌కి ఇవ్వండి. ఇరవైకి కోయించేసి ఆ సైజు దొరక్క క్రాంకు గోడకి ఆనించి పెట్టుకున్న వాళ్లున్నారు.

ఏ పార్టు కలపొచ్చు, ఏది కలపకూడదు అన్నది ఆ మెసేజ్ రాసినాయనకి తెలిసుంటే అంత గంపగుత్తగా రాసేవారు కాదు. మెయిన్ బేరింగ్ క్యాపులు ఆ బ్లాకుతోనే కలిపి బోరు చేసినవి, ఒక బ్లాకు క్యాపు ఇంకో బ్లాకుకి వేస్తే లైన్ బోరింగ్ (బేరింగు రంధ్రాలన్నీ ఒకే వరసలో మళ్లీ కోయడం) తప్పదు. కనెక్టింగ్ రాడ్డూ దాని క్యాపూ జంట, విడదీయకూడదు. పాత ట్యాపెట్లని (వాల్వుల్ని పైకి తోసేవి) పాత క్యామ్ మీదే వాడితే ఏ లోబుదో (క్యామ్ మీది ఉబ్బు) ఆ లోబుకే పెట్టాలి. వేరే ఇంజిన్ నుంచి రాడ్లు తెస్తే తూకం వేసి, వంకర చూసి వేయాలి. హెడ్, ఫ్లైవీలు, మానిఫోల్డ్, ఆయిల్ సంపు, టైమింగ్ కవరు, స్టార్టర్ బాడీ లాంటివి అదే పొడవు, అదే మోడల్ ఇంజిన్‌వైతే నిక్షేపంగా ఎక్కుతాయి. రింగులు, బేరింగులు, గాస్కెట్లు, సీళ్లు, ఫ్యూయల్ పంపు డయాఫ్రం, టైమింగ్ చైను మాత్రం పాతవి ముట్టుకోవద్దు. వాల్వ్ స్ప్రింగులన్నీ ఒక చదునైన బల్ల మీద వరసగా నిలబెట్టండి, పొట్టిగా కనపడింది పక్కన పడేయండి.

"బ్లాకు చిట్లితే అంతే." ఎక్కడ చిట్లిందన్నది చూడకుండా ఈ మాట అనకూడదు. సైడ్ వాల్వ్ ఇంజిన్లో వాల్వ్ సీటుకీ (వాల్వు మూసుకుని కూర్చునే అంచు) బోరుకీ మధ్య గోడ సన్నగా ఉంటుంది, చిట్లేది ఎక్కువగా అక్కడే. చూసుకోవడానికి పెద్ద మిషన్లేం అక్కర్లేదు. బ్లాకుని కాస్టిక్ సోడా వేడినీళ్లలో నానబెట్టి కడిగి ఆరనివ్వండి. ఆ గోడ మీద కిరోసిన్ పట్టించి, కాసేపాగి గుడ్డతో పూర్తిగా పొడి చేసి, సుద్దముక్కతో తెల్లగా రుద్దండి. ఊరికే చూస్తూ ఉండండి. చిట్లి ఉంటే లోపల దాక్కున్న కిరోసిన్ పైకి ఊరి, తెల్లటి సుద్ద మీద వెంట్రుకంత తడి గీత లేస్తుంది. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కళ్లకి కనపడుతుంది. ఆ తర్వాత నీళ్ల దారులన్నీ రేకులు బిగించి మూసి, గాలి పట్టించి, సబ్బు నీళ్లు పోస్తే అది వాటర్ జాకెట్ (సిలిండర్ల చుట్టూ నీళ్లు తిరిగే ఖాళీ) దాకా వెళ్లిందో లేదో బుడగలు చెప్తాయి.

సీటు దగ్గర ఆగిన గీతకి కొత్త సీటు ఇన్సర్ట్ చాలు. బోరులోకి దిగితే లైనరు. జాకెట్ గోడ మీద ఉంటే పక్కపక్కనే రంధ్రాలు వేసి మరచీలలు బిగించి కుట్టేస్తారు, వేడి పెట్టక్కర్లేని పని కాబట్టి పోత ఇనుము మళ్లీ చిట్లదు. మెయిన్ బేరింగ్ కూర్చునే గోడే చిట్లిందనుకోండి, అప్పుడు ఆ మెసేజ్ మాట నిజమే, నేనైనా వేరే బ్లాకు చూసుకోమంటాను.

"పుట్టుకతోనే వేడెక్కుతాయి, ఘాట్ ఎక్కలేవు." 1932లో వచ్చిన ఫోర్డ్ వీ8 ఫ్లాట్‌హెడ్ గురించి ఈ మాట అంటే సగం ఒప్పుకుంటాను, ఎందుకంటే దాంట్లో పొగ బయటికి పోయే దారులు బ్లాకు మధ్యలోంచి, నీళ్ల పక్కనుంచే వెళ్తాయి, రేడియేటర్‌కి పని ఎక్కువ. అదే మాట డాడ్జ్ సిక్స్‌కి అంటగట్టడం అన్యాయం. దాంట్లో మానిఫోల్డ్ పక్కనే ఉంది, పొగ వెంటనే బయటపడుతుంది.

మరి సుంకి ఘాట్ సగం ఎక్కేసరికి అవి ఎందుకు మరుగుతాయి? వాటర్ పంపు విప్పి దాని వెనక చూడండి. బ్లాకు పొడవునా లోపల ఒక బల్లపరుపు గొట్టం ఉంటుంది. పంపు తోసిన చల్లటి నీళ్లని ముందు సిలిండర్ దగ్గరే వదిలేయకుండా, ఒక్కో ఎగ్జాస్ట్ వాల్వ్ దగ్గర ఉన్న చీలిక లోంచి చిమ్మించడమే దాని పని. ఇన్నేళ్లలో ఆ గొట్టం తుప్పు పట్టి చిల్లులు పడుతుంది. అప్పుడు నీళ్లన్నీ ముందే తిరిగొచ్చేస్తాయి, వెనక రెండు సిలిండర్లకి చల్లదనం అందదు. ముందున్న థర్మామీటరు మామూలుగానే చూపిస్తుంది, వెనక వాల్వులు మాత్రం కాలుతుంటాయి. కొక్కెం వేసి లాగితే కొన్ని బ్లాకుల్లో గొట్టం పొరలు పొరలుగా ముక్కలై వస్తుంది, ఒక్కోసారి సగం లోపలే ఉండిపోతుంది, దాన్ని కడ్డీలతో గీకి తీయడానికి రోజంతా పట్టినా తీయాల్సిందే. దాని స్థానంలో ఇత్తడి రేకుతోనో స్టెయిన్‌లెస్ రేకుతోనో అదే కొలతకి, చీలికలు అవే చోట్ల వచ్చేలా చేయించి తోయండి. పక్కనున్న వెల్ష్ ప్లగ్గులు (బ్లాకు రంధ్రాలు మూసే రేకు బిళ్లలు) ఊడదీసి వెనక భాగంలో పేరుకున్న బురద, తుప్పు కూడా తోడేయండి. ఈ రెండు పనులూ చేయకుండా రేడియేటర్ పెద్దది వేసి, ఫ్యాన్ పెద్దది వేసి, చివరికి ఇంజిన్‌ని తిట్టేవాళ్లే ఎక్కువ.

"లెడ్ లేదు, వాల్వులు కాలతాయి." లెడ్ కలిపిన పెట్రోలు అమెరికాలో అమ్మకానికి వచ్చిందే 1923లో. అంతకుముందు తిరిగిన ఇంజిన్లన్నీ లెడ్ లేకుండానే తిరిగాయి. దాని ముఖ్యమైన పని నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి మండి ఇంజిన్ టకటకమనడం) ఆపడం. ఈ ఇంజిన్ల కంప్రెషన్ (గ్యాసుని ఎన్నో వంతుకి నొక్కుతుందన్న లెక్క) తక్కువే, ఇప్పుడు బంకులో దొరికే మామూలు పెట్రోలు ఆక్టేన్ (నాకింగ్‌ని తట్టుకునే శక్తి) వాటికి కావలసిన దానికంటే ఎక్కువే. సీట్ల అరుగుదల గురించి భయమైతే, క్రైస్లర్ ఎగ్జాస్ట్ వాల్వులకి గట్టి లోహపు సీట్లు ముందునుంచే బిగించింది. అరిగుంటే కొత్తవి కొట్టించుకోండి, అక్కడితో అయిపోతుంది.

అసలు భయపడాల్సింది ఇథనాల్‌కి, ఆ మెసేజ్‌లో దాని ఊసే లేదు. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా అదే. పాత రబ్బరు పైపుల్ని మెత్తబరుస్తుంది, ఫ్యూయల్ పంపు డయాఫ్రంని పాడుచేస్తుంది, తేమని పీల్చుకుంటుంది, ట్యాంకులో తుప్పుని కదిలించి కార్బొరేటర్‌లోకి పంపుతుంది. ఇథనాల్‌ని తట్టుకునే విటాన్ రబ్బరు రకం పైపులు, డయాఫ్రం వేయించండి, బండి నెలల తరబడి ఆపేటప్పుడు ట్యాంకు ఖాళీ చేయండి, పల్చగా మండుతున్నట్టు అనిపిస్తే కార్బొరేటర్‌లో మెయిన్ జెట్ (పెట్రోలు వచ్చే రంధ్రం) ఒక సైజు పెంచండి.

"హెడ్ కోయిస్తే పికప్." దయచేసి ఈ ఒక్క సలహా వినొద్దు. ఈ ఇంజిన్లో వాల్వు పైకి లేచేది హెడ్ అడుగున ఉన్న ఖాళీలోకే, గ్యాసు సిలిండర్‌లోకి వెళ్లేదీ ఆ సందులోంచే. హెడ్ కోసేకొద్దీ ఆ సందు ఇరుకవుతుంది, ఇంజిన్‌కి ఊపిరి అందదు, మరీ ఎక్కువ కోస్తే వాల్వు వెళ్లి హెడ్‌కి కొట్టుకుంటుంది. వంకర తీయడానికి కోయించక తప్పకపోతే, వాల్వు తల మీద గోధుమపిండి ముద్ద పెట్టి, పాత గాస్కెట్‌తో హెడ్ బిగించి, క్రాంకు చేత్తో రెండు చుట్లు తిప్పి విప్పండి. నొక్కుకుపోయిన పిండి మందం కొలిస్తే ఎంత ఖాళీ మిగిలిందో తెలిసిపోతుంది.

"డీజిల్ వేసుకోండి." ఆ రోజుల్లో లారీ మీద బతికినవాళ్లు మద్రాసు సింప్సన్ వాళ్ల పెర్కిన్స్ పీ6 వేసుకున్నారంటే అది పొట్ట కోసం, నేను తప్పు పట్టను. ఇప్పుడు ఈ బండ్లతో కిరాయిలు తోలేవాళ్లు ఎవరూ లేరు. బరువు పెరిగి ముందు పట్టీలు కుంగుతాయి, డీజిల్ అంత స్పీడుగా తిరగదు కాబట్టి పాత డిఫరెన్షియల్‌తో బండి పాకుతుంది. ఆర్సీ సంగతి సరేసరి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా ఇలాంటి మార్పు చేయకూడదు. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్‌లో 50 ఏళ్లు దాటిన నాలుగు చక్రాల బండికి 20,000 రూపాయలు కట్టి పదేళ్లకి వీఏ నంబరు (వింటేజ్ బండ్లకిచ్చే ప్రత్యేక నంబరు) తీసుకోవచ్చు, కానీ ఛాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపంలో ఉండాలి, సొంత వాడకానికే. ముప్పావు టన్ను డాడ్జ్ ఉన్నవాళ్లు డీజిల్ బిగిస్తే ఆ దారిని వాళ్లే మూసుకున్నట్టు.

తుక్కులోంచి వేరే బ్లాకు తెచ్చుకునేవాళ్లు ఒకటి మర్చిపోవద్దు. ఇంజిన్ నంబరు బ్లాకు మీదే ఉంటుంది, డాడ్జ్‌కి ఎడమ పక్క ముందు భాగంలో చిన్న దిమ్మ మీద కొట్టి ఉంటుంది. తుప్పు తుడిచి నంబరు ఫొటో తీసుకోండి, కొట్టువాడి దగ్గర ఆ నంబరు వేసిన రసీదు అడిగి తీసుకోండి, ఆర్టీవో ఆఫీసులో నంబరు మార్పు రాయించేటప్పుడు అడిగే మొదటి కాగితం అదే.