కుళాయి నీళ్లలో ఫ్లోరైడ్ కలుపుతున్నారా?

"పంచాయతీ నీళ్లలో ప్రభుత్వం ఫ్లోరైడ్ కలుపుతోంది. పిల్లల తెలివి తగ్గిపోతుంది, ఎముకలు వంకర్లు పోతాయి. అమెరికాలో ఎప్పుడో నిషేధించారు. కాచి తాగండి, లేదా టిన్ను కొనుక్కోండి." కోనసీమ, భీమవరం వైపు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ ఇది.

మొదటి మాటే తప్పు. తాగునీటిలో ఫ్లోరైడ్ కలిపే పథకం మన దేశంలో లేదు. ఇక్కడి తంటా అంతా ఉన్నదాన్ని తీసేయడానికే. నల్గొండ పేరు పెట్టిన పద్ధతి ఒకటుంది: పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను అడుక్కి దించడం. మన ట్యాంకుల్లో వేసేది బ్లీచింగ్ పౌడర్. కుళాయి తిప్పగానే ముక్కుకి తగిలే వాసన క్లోరిన్‌ది. ఫ్లోరైడ్‌కి ఆ మోతాదులో వాసనా ఉండదు, రుచీ ఉండదు.

ఎముకల మాట అబద్ధం కాదు, కానీ ఆ ఊళ్లు వేరు. నల్గొండ, కనిగిరి, దర్శి ప్రాంతాల్లో రాతి పొరల్లోంచి ఫ్లోరైడ్ బోరు నీళ్లలోకి దిగుతుంది. అవే నీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్లకి పళ్లు గారపట్టాయి, నడుములు వంగిపోయాయి. అది ఎవరో కలిపింది కాదు, నేలలోనే ఉన్నది. మన మంచినీటి చెరువులు నిండేది ధవళేశ్వరం నుంచి కాలువల్లో వచ్చే గోదావరితో. నది నీళ్లలో ఫ్లోరైడ్ మామూలుగా తక్కువే.

అమెరికాలో 1945లో గ్రాండ్ రాపిడ్స్ ఊళ్లో, పళ్లు పుచ్చకుండా ఉంటాయని కలపడం మొదలుపెట్టారు. ఇప్పుడు అక్కడ సిఫార్సు చేసే మోతాదు లీటరుకి 0.7 మిల్లీగ్రాములు. 2025లో యూటా, ఫ్లోరిడా రాష్ట్రాలు మానేశాయి. దేశమంతా నిషేధం లేదు.

తెలివి సంగతిని మాత్రం నవ్వి వదిలేయకూడదు. అక్కడి ప్రభుత్వ సంస్థ నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ 2024లో ఇచ్చిన నివేదిక, లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్‌కీ పిల్లల ఐక్యూ తగ్గడానికీ సంబంధం కనిపిస్తోందని చెప్పింది. 0.7 దగ్గర ఏమవుతుందో తేల్చడానికి ఆధారాలు చాలవని కూడా అదే చెప్పింది. మెసేజ్ రాసినాయన ఈ రెండో ముక్క మింగేశాడు. మన దేశంలో పరిమితి 1, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5.

కాచడమా? నీళ్లు ఆవిరవుతాయి గానీ ఫ్లోరైడ్ పోదు, ఇంకాస్త చిక్కబడుతుంది. కాచితే చచ్చేది క్రిములు. ఆర్.ఓ. మిషను ఫ్లోరైడ్‌ని తీస్తుంది, నిజమే. దాంతోపాటు కాల్షియం, మెగ్నీషియం కూడా పోతాయి. అసలు మన కుళాయిలో తీయాల్సినంత ఉంటే కదా!

డెల్టాలో టెన్షన్ పడాల్సినవి వేరే ఉన్నాయి: రొయ్యల చెరువుల మురుగు కాలువల్లో కలవడం, వేసవిలో కాలువలు కట్టేశాక మంచినీటి చెరువు అడుగంటడం, సముద్రం పక్క ఊళ్లలో బోర్లు ఉప్పబారడం. బోరు నీళ్లే తాగుతుంటే ఓ సీసాడు పట్టి, గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో పరీక్ష చేయించండి.