షెఫ్‌లు కిచెన్ ఎందుకు వదిలేస్తున్నారంటే, ఓపిక లేక కాదు

మా హోటల్ మేనేజ్‌మెంట్ బ్యాచ్ వాట్సాప్ గ్రూప్ ఒకటుంది, నలభై మందిమి ఉంటాం, కోర్సు అయిపోయి పన్నెండేళ్లవుతోంది. ఇవాళ్టికీ తెల్లకోటు వేసుకుని కిచెన్‌లో నిలబడేవాళ్లు ఎంతమంది అని మొన్న ఎవడో అడిగితే లెక్క ఒక చేతివేళ్ల దగ్గరే ఆగిపోయింది. ఒకడు మసాలా కంపెనీలో సేల్స్, ఒకామె బ్యాంకులో, క్రూజ్ షిప్ ఎక్కి రెండు కాంట్రాక్టులు చేసొచ్చినవాడు భీమవరంలో రొయ్యల మేత డీలర్‌షిప్ తీసుకున్నాడు, నేనేమో ఇలా రాసుకుంటూ బతుకుతున్నా. సీనియర్ షెఫ్‌లని కదిపితే అందరిదీ ఒకటే మాట, ఈ తరం పిల్లలకి ఓపిక లేదు, పాషన్ లేదు, చేరిన ఏడాదికే సూ షెఫ్ (కిచెన్‌లో పెద్ద షెఫ్ తర్వాతి స్థానం) అయిపోవాలంటారు అని. ఈ మాట నాకు మింగుడుపడదు.

బయటివాళ్లకి బ్రేక్ షిఫ్ట్ అంటే తెలీదు. పొద్దున పదకొండింటికి ఎక్కి మధ్యాహ్నం మూడున్నరకి దిగాలి, మళ్లీ ఆరున్నరకి ఎక్కితే ఆఖరి కేఓటీ, అంటే ఆర్డర్ చీటీ, అయిపోయి, పెద్ద పొయ్యి తోమి, నేల కడిగి బయటపడేసరికి పదకొండున్నరో పన్నెండో. కాగితం మీద తొమ్మిదిన్నర గంటలే కనపడతాయి, మరి మధ్యలో ఆ మూడు గంటలు ఎవరివి? నా రూమ్ కూకట్‌పల్లిలో, హోటల్ నుంచి బస్సులో గంటంపావు, వెళ్లి మొహం కడుక్కుని తిరిగి రావడానికే సరి, అందుకని ఎవరమూ వెళ్లేవాళ్లం కాదు. బేస్‌మెంట్‌లో లాకర్ రూమ్ ఉండేది, స్టోర్ నుంచి పాల ప్యాకెట్ల అట్టపెట్టెలు తెచ్చి చింపి పరుచుకుని, ఏప్రాన్ మడిచి తలకింద పెట్టుకుని వరసగా పడుకునేవాళ్లం, గోడ అవతల లాండ్రీ మిషన్ల మోత, ఇవతల వెల్లుల్లి వాసన, తడి బూట్ల వాసన. పైన లాబీలో అదే టైమ్‌కి ఎవరో పియానో వాయించేవాడట, మేమెప్పుడూ వినలేదు. మన షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం 1988 నాటిది, వారానికి 48 గంటలకి మించి పని చేయించకూడదని అందులో ఉంది, ఆ సంగతి నాకు కిచెన్ వదిలేసిన మూడేళ్లకి తెలిసింది.

ఇక ట్రైనింగ్. కోర్సులో భాగంగా కొన్ని నెలలు హోటల్‌లో ఇండస్ట్రియల్ ట్రైనింగ్ చెయ్యాలి, అన్ని డిపార్ట్‌మెంట్లూ తిప్పుతారు, కిచెన్ వంతు వచ్చినప్పుడు నేను నేర్చుకుందేంటయ్యా అంటే ఉల్లిపాయల బస్తా ఎంత సేపట్లో ఖాళీ చెయ్యొచ్చో, బఫేకి ఉడికించిన గుడ్లు గిన్నెలో వేసి ఆడించి పెంకు ఎలా వదిలించాలో. తప్పు పనని కాదు, కత్తి అలవాటు కావాలంటే ఉల్లిపాయ కొయ్యాల్సిందే, మొదటి వారం అది చదువే. ఆరో వారం కూడా అదే చేయిస్తుంటే మాత్రం అది చదువు కాదు, జీతం లేని కూలీ.

ఇది మన దగ్గరి చిన్న బుద్ధి అనుకునేవాణ్ని, కోపెన్‌హాగన్‌లోని నోమా సంగతి చదివేదాకా. ప్రపంచంలో నంబర్ వన్ రెస్టారెంట్ అని ఐదుసార్లు పేరు తెచ్చుకున్న చోటు, దాన్ని అంత దూరం తెచ్చిన షెఫ్ రెనె రెడ్జెపీ అంటే మా కాలేజీలో దేవుడి కింద లెక్క. హైదరాబాద్‌లో వంట కోర్సు చదివిన ఒక అమ్మాయి 2017లో అక్కడికి ఇంటర్న్‌గా వెళ్లింది, మూడు నెలలు, జీతం లేదు. ఆమెకిచ్చిన పని పళ్ల గుజ్జుని అచ్చుల్లో పల్చగా పరిచి ఆరబెట్టి, ఆ ముక్కల్ని అతికించి పెంకుపురుగు ఆకారంలో బొమ్మలు చెయ్యడం, రోజుకి 120. మాట్లాడకుండా చెయ్యాలి, నవ్వకూడదు కూడా అన్నారట, ఈ మాటలు ఆమే న్యూయార్క్ టైమ్స్‌కి చెప్పింది. మన మామిడి తాండ్ర లాంటి దాంతో పురుగులు చెయ్యడానికి అంతదూరం పోవాలా అని నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. ఇంటర్న్‌లకి నోమా డబ్బులివ్వడం మొదలుపెట్టింది 2022 అక్టోబర్‌లో, ఇంక రెగ్యులర్ రెస్టారెంట్‌గా నడపలేమని ప్రకటించింది 2023 జనవరిలో. ఇంటర్న్‌ల జీతాలే కారణమని నేననను, ఈ మోడల్ గిట్టుబాటు కాదని రెడ్జెపీ చాలా కారణాలే చెప్పాడు, కానీ అంత ఖరీదైన ప్లేటు కూడా ఊరికే చేసిపెట్టే చేతుల మీద నిలబడిందంటే మామూలు హోటల్ ఎకనామిక్స్ గురించి వేరే చెప్పాలా.

అరుపుల సంగతికొద్దాం. కిచెన్‌లో గొంతు పెంచడం తప్పు కాదు, సలసల కాగే నూనె పట్టుకుని వెనకాల నుంచి వచ్చేవాడు గట్టిగా చెప్పకపోతే ఎవడి వీపో కాలుతుంది. దానికీ అమ్మనీ అక్కనీ లాగి తిట్టడానికీ తేడా ఉంది. కమీ (కిందిమెట్టు కుక్), సీడీపీ (ఒక సెక్షన్ చూసుకునే షెఫ్), సూ షెఫ్, ఎగ్జిక్యూటివ్ షెఫ్ అనే ఈ మెట్ల పద్ధతి ఫ్రెంచ్ షెఫ్ ఎస్కాఫియే తీర్చిదిద్దింది, ఆయన 1870 నాటి ఫ్రాన్స్-ప్రష్యా యుద్ధంలో సైన్యానికి వండినవాడు, అందుకే దీనికి పటాలం వాసన. ఇంకో తమాషా ఏంటంటే ఆయనకి కిచెన్‌లో అరుపులూ తాగుడూ గిట్టేవి కావు. మనవాళ్లు ఆయన మెట్లు ఉంచుకున్నారు, ఆ మర్యాద వదిలేశారు. మా సీడీపీ ఉత్తరాఖండ్‌లోని గఢ్వాల్ నుంచి వచ్చినాయన, చేతిపని అద్భుతం, హిందీలో నేను మొదట నేర్చుకున్న మాటలు ఆయన నోటి నుంచి వచ్చినవే, ఇక్కడ రాయడానికి కుదరదు.

ఆడపిల్లల పరిస్థితి ఇంకోలా ఉంటుంది. మా బ్యాచ్‌లో తందూర్ సెక్షన్ అడిగిన అమ్మాయిని నీకెందుకమ్మా వేడి, పేస్ట్రీకి పో అని పంపేశారు, మూడుపూటలా ఇంట్లో పొయ్యి దగ్గర ఉండేదెవరో ఆ అన్నవాళ్లకి తెలియదేమో.

నాకు కనపడేదేంటంటే వదిలేసినవాళ్లలో చాలామంది వంట వదల్లేదు. సంజయ్ తుమ్మ గారినే చూడండి, హోటళ్లలో పనిచేసి, షికాగోలో రెస్టారెంట్లు నడిపి, 2007లో వాహ్‌రేవాహ్ అనే వంట వీడియోల సైట్ మొదలుపెట్టి వాహ్ షెఫ్ అయ్యారు, ఆయన దారి ఆయనది, కారణాలు ఆయనవి. కానీ నేర్చుకున్న చేతికి హోటల్ బయట కూడా బతుకుంటుందని మా బ్యాచ్‌కి చూపించిన మనిషి ఆయనే. ఇప్పుడైతే డెలివరీకే వండే క్లౌడ్ కిచెన్, క్యాటరింగ్, కర్రీ పాయింట్, ఫుడ్ కంపెనీల్లో రెసిపీలు తయారుచేసే ఉద్యోగం, అన్నీ ఉన్నాయి. వంటంటే ఇష్టం పోయి కాదు వీళ్లు వెళ్లింది, పండక్కి ఇంట్లో ఉండే బతుకు కోసం.

అలా వెళ్లినంత మాత్రాన కిచెన్ మనలోంచి పోతుందా అంటే, రెడ్జెపీయే 2015లో ఒక వ్యాసంలో ఒప్పుకున్నాడు, కుర్రాడిగా ఉన్నప్పుడు పెద్ద షెఫ్‌లు అరుస్తుంటే నేనిలా చెయ్యను అనుకున్నాడట, సొంత కిచెన్ వచ్చాక తనే అరిచాడు, మనుషుల్ని తోశాడు.

మా బ్యాచ్‌వాడొకడు నిజాంపేట్‌లో కర్రీ పాయింట్ పెట్టాడు. వాడూ నేనూ ఒకే అట్టపెట్టె మీద పడుకున్నవాళ్లం. పోయిన నెల గోంగూర పప్పు కోసం వెళ్తే లోపల ఎవరో కుర్రాడు సాంబారు గిన్నె ఒలకబోశాడు, మావాడి నోట్లోంచి అచ్చం ఆ గఢ్వాల్ సీడీపీ మాటే వచ్చింది, హిందీలోనే, అదే రాగంలో. నేను అక్కడే ఉన్నానని గుర్తొచ్చినట్టుంది, ఇటు తిరిగి "ఇలా అనకపోతే వినర్రా" అన్నాడు. పప్పు కవర్‌కి రబ్బరు బ్యాండ్ వేసి చేతికిచ్చాడు, డబ్బులిస్తే తీసుకోలేదు.