సవరణ: కంసాలి రూజ్, బుగ్గల రూజ్ ఒకటి కాదు

విజయనగరం బంగారం దుకాణాల మీద పెట్టిన మొన్నటి పోస్టులో "నగల మెరుగుకు రూజ్ వాడతారు, ఆడవాళ్లు బుగ్గలకు రాసుకునేదే" అని ఉంది. మొదటి ముక్క సరే, రెండోది తీసేసి చదవండి.

ఫ్రెంచిలో రూజ్ అంటే ఎరుపు. ఇంగ్లిషులో ఆ పేరు వేర్వేరు సరుకులకు పడింది. నగల పనివాళ్లది మెత్తటి ఐరన్ ఆక్సైడ్ పొడి, తుప్పుకు దగ్గరి చుట్టం. జిడ్డు పదార్థంతో కలిపి కడ్డీలా చేసి అమ్ముతారు. తిరిగే గుడ్డచక్రానికి కడ్డీ ఆనించి, తర్వాత బంగారు గాజును పట్టుకుంటే సన్నగీతలు పోయి తళుక్కుమంటుంది. పనయ్యేసరికి గోళ్లనిండా ఎర్రటి మడ్డే! టెలిస్కోపు అద్దాలను నునుపు చేయడానికీ ఇదే వాడేవారు.

బుగ్గల రూజ్‌కి ఒకప్పుడు కుసుమపూల ఎరుపు, కొచినీల్ పురుగుల నుంచి తీసే కార్మైన్ వాడేవారు. ఇప్పటి మేకప్‌లోనూ ఐరన్ ఆక్సైడ్ ఉంటుంది గానీ, అది చర్మం కోసం విడిగా తయారుచేసిన రకం. దుకాణం కడ్డీ మాత్రం ముఖానికి పెట్టకండి.