తాతకు లేని తుపాకికి పెట్టె

అనంతపురం జిల్లాకు కరువు కొత్త కాదు. వానకు కరువు, బోర్లలో నీళ్లకు కరువు, శనక్కాయకు ధర కరువు. ఈ మధ్య ఇంకోటి వచ్చి పడింది, తాతల కరువు. కొత్తగా మిద్దె కట్టిన ప్రతివాడికీ హాల్లో చూపించుకోవడానికి తుపాకి పట్టిన తాత ఒకడు కావాలి. మన తాతలేమో ముప్పాతిక మువ్వీసం మంది ముల్లుగర్ర పట్టినవాళ్లు. ఎక్కడి నుంచి తెస్తారు పాపం?

పోనీ తుపాకి కొందామంటే 1959 నాటి ఆయుధాల చట్టం ఉంది, లైసెన్సు కావాలి. 2019లో ఆ చట్టాన్ని సవరించి మనిషికి మూడు తుపాకులు ఉండేదాన్ని రెండుకు దించారు. ఎలక్షన్లు వస్తే చాలామంది దాన్ని మోసుకుపోయి స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకోవాలి. మన దగ్గర ఎలక్షన్లు ఎంత అరుదుగా వస్తాయో మీకు తెలుసు. పెట్టెకు ఈ బాధ లేదు. తుపాకి దాచుకునే పాత తోలుపెట్టె ఖాళీగా ఉన్నంతకాలం చట్టం దృష్టిలో పప్పుల డబ్బాతో సమానం. అందుకే మావాళ్లు తెలివిగా తుపాకి వదిలేసి పెట్టె కొంటున్నారు. పెట్టె ఉందంటే లోపల ఒకప్పుడు తుపాకి ఉండే ఉంటుంది, తుపాకి ఉందంటే దాన్ని పట్టుకోవడానికి ఒక తాత ఉండే ఉంటాడు. తర్కశాస్త్రంలో దీన్ని ఏమంటారో గానీ, అనంతపురంలో గృహప్రవేశం అంటారు.

ఈ పాపంలో నాకూ వాటా ఉంది. పాత తోలుపెట్టెలంటే నాకు పిచ్చి. మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్న, పోయినేడు ఇనుప గేటు చూడటానికి నన్ను తోడు పెట్టుకుని గుంతకల్లులో ఒక గుజరీ అంగడికి పోయాడు. అక్కడ ఒక మూల తుప్పు బోల్టులు పోసుకున్న పెట్టె కనిపించింది. నోరు మూసుకుని ఉండొచ్చు కదా. బోల్టులు పక్కకు తీసి, మూత మీద దుమ్ము తుడిచాను.

మంచి పెట్టె. లోపల ఓక్ చెక్క, పైన దళసరి ఎద్దు తోలు, మూలలకు ఇత్తడి. మూత తెరిస్తే ఆకుపచ్చ ఉన్నిగుడ్డ, తుపాకి కంపెనీ లేబులు. ఇంకో రకం ఉంటుంది, చెక్క లేకుండా ఉత్త తోలుతో పొట్టేలు తొడ ఆకారంలో కుట్టేది. ఇంగ్లీషువాడు దానికి 'లెగ్ ఆఫ్ మటన్' అనే పేరు పెట్టుకున్నాడు. తిండి ధ్యాసలో వాడు మనకేం తీసిపోడు. ఏ రకమైనా తుపాకిని విడదీసి గొట్టాలు ఒక గూట్లో, మడమ ఒక గూట్లో పెడతారు. కాబట్టి పెట్టె కొనేవాడు ముందు టేపు తీసి గొట్టాల గూడు కొలవాలి. 28 అంగుళాల పెట్టెలో 30 అంగుళాల గొట్టాల తుపాకి పట్టదు, 32 అంగుళాల పెట్టెలో పెడితే లొడలొడ కొట్టుకుంటుంది. ఇది 30. మా అన్న టేపు వంక చూడలేదు. మూత మీద అచ్చొత్తిన పొడి అక్షరాలు చూశాడు. ఇ.హెచ్.పి. ఆయన కళ్లలో వెలుగు చూసినప్పుడే నేను బస్సెక్కేసి ఉండాల్సింది. 700 రూపాయలకు బేరం కుదిరింది. గేటు సంగతి ఇద్దరమూ మర్చిపోయాం.

మాఘంలో గృహప్రవేశం. హాల్లో పూజగది పక్క గోడకు అద్దాల షోకేసు, పైన మూడు లైట్లు, కింద పెట్టె. బూటు మాదిరి నల్లగా నిగనిగలాడుతోంది. కొన్నప్పుడు అది తేనె రంగు. ఎందుకు నల్లబడిందో తర్వాత చెప్తాను.

"ఇ.హెచ్.పి. అంటే ఏందన్నా?" అని ఎవరో అడిగారు, చేతిలో ఓళిగ.

"మా తాత," అన్నాడు మా అన్న.

నాకు పొరబోయింది. ఆయన తాత నాకూ తాతే. ఆ పేరులో ఈ మూడు అక్షరాల్లో ఒక్కటీ లేదు.

"ఇ అంటే ఇంటిపేరు. హెచ్ అంటే హానరబుల్. పి అంటే పెద్దాయన."

ఎవరూ నవ్వలేదు. రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన గౌరవంగా తలాడించాడు. మా ఇంటిపేరు 'ఇ'తో మొదలుకాదని చెప్పబోయి ఆగాను. 'ఇంటిపేరు' అనే మాట మాత్రం 'ఇ'తోనే మొదలవుతుంది కదా. కాదనడానికి లేదు.

"ఇది మన్రో దొర స్వయంగా మా వంశానికి ఇచ్చింది." మన జిల్లాలో దేన్నైనా మన్రో ఖాతాలో రాసుకోవచ్చు. దత్తమండలాలకు కలెక్టరుగా చేసి, పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేంత మంచిపేరు సంపాదించుకున్నందుకు ఆయనకు ఈ శిక్ష. ఆ మహానుభావుడు 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. పెట్టెలో లేబులు మీద 'హ్యామర్‌లెస్' అని అచ్చేసి ఉండింది, అంటే సుత్తి బయటికి కనిపించని తుపాకి. ఆ రకం తుపాకుల్ని ఊరూరికీ చేర్చిన ఆన్సన్, డీలీల పేటెంటు 1875 నాటిది. మన్రో ఇచ్చాడంటే, పోయిన 48 ఏళ్లకైనా సమాధిలోంచి లేచొచ్చి ఇచ్చి ఉండాలి. మా వంశం మీద అంత అభిమానం ఎందుకో మరి.

"ఈ పక్కన చీటీ ఏంది సార్?"

ఆ చీటీ సగం చిరిగింది గానీ అక్షరాలు మిగిలాయి. 'నాట్ వాంటెడ్ ఆన్ వాయేజ్'. ఓడల కంపెనీలు సామానుకు అంటించే కాగితం అది. దారిలో దీన్ని తెరిచే పని లేదు, ఓడ అడుగున పడెయ్యండి అని కూలీలకు చెప్పడం. మా అన్న గొంతు సవరించుకున్నాడు.

"తాతను లండనుకు రమ్మని పిలిచినారు. మద్రాసు రేవులో ఓడ కాడికి పొయ్యినాడు. ఆయన మీసం చూసేసరికి కెప్టెనుకు చెమట్లు పట్టినాయి. ఈ మనిషి మా ఓడలో వద్దు, మేం తీసకపోలేం అని రాసిచ్చినాడు. రుజువు ఈడే ఉండాది, చదువుకోండి."

హెడ్మాస్టరు కళ్లజోడు సర్దుకుని పైకి చదివి, "ప్రయాణమునందు అక్కరలేదు" అని అందరికీ తెలుగు చేసి చెప్పాడు. అయ్యో అన్నారు కొందరు. భలే అన్నారు కొందరు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. మా తాత గుంతకల్లు జంక్షన్ దాటి ఎరగడు. ఆయన జన్మలో పట్టిన ఆయుధం వడిసెల. జొన్నచేలో మంచె ఎక్కి చిలకల మీద రాళ్లు విసిరేవాడు. గురి కూడా అంతంతమాత్రమే. చిలకలే మొహమాటానికి లేచిపోయేవి.

"తెరిచి చూపించన్నా" అన్నారు. తెరిచాడు. ఆకుపచ్చ ఉన్నిగుడ్డ పీకేసి పెళ్లి ఆల్బం మాదిరి ఎర్ర వెల్వెట్ అతికించారు. దాంతోపాటే లేబులూ పోయింది. గొట్టాల గూట్లో ఒక కర్ర ఉంది. వంగి చూశాను. తాత చేతికర్ర.

ఆ కర్ర 36 అంగుళాలు. గూడు 30. ఆరు అంగుళాలు రంపంతో కోయించాడు. అడుగున కోయించినా ఏదో అనుకోవచ్చు. పైన కోయించాడు, పిడి వైపు. తాత అరచేయి రాసి రాసి గాజులాగా నునుపు తేలిన పిడి. చిన్నప్పుడు మేం దొంగచాటుగా పట్టుకుని ముసలాడిలా నడిచిన పిడి.

"అది యాడుందన్నా?"

"ఏమో, కార్పెంటరు ఊడ్చేసింటాడు."

దొంగ తాత పెట్టెలో పట్టడానికి అసలు తాతను కోశారు. సరే, ఇది వ్యంగ్య వ్యాసం. నవ్వుకుందాం.

"బాగు చేయించినట్టుండారే," అన్నాడు హెడ్మాస్టరు పిడి పట్టుకుని. పెట్టె పిడి. ఆ పెట్టెలో పాడుకాకుండా మిగిలింది అదొక్కటే.

"లండనుకు పంపిచ్చినా," అన్నాడు మా అన్న.

లండను మా పాతూరులో ఒక వేపచెట్టు కింద ఉంటుంది. గొడుగు, గోనెపట్టా, ఇనుప మూడుకాళ్ల దిమ్మ, ఆరె, రంపె. చెప్పులు కుట్టే పెద్దాయన. పెట్టెను ఆయన దగ్గరికి నేనే తీసుకుపోయాను. ఆయన ముందు వాసన చూశాడు. తర్వాత బొటనవేలితో అంచు నొక్కి, వేలికి అంటిన ఎర్రపొడి చూపించాడు. "తోలు సచ్చిపోతాంది సార్. దీనికి నూనె పుయ్యాకండి. పూస్తే ఇంకా మెత్తబడి ఊడొస్తాది." పుస్తకాలు తిరగేసి నాకు రెండేళ్లకు తెలిసింది ఇదే. కొబ్బరినూనె, బూటు పాలిష్, ఇత్తడి తోమే పొడి, ఈ మూడూ పాత తోలుకు యముడి భటులు. "ఇది మన తంగేడు చెక్క ఊన్చింది కాదు సార్, రంగు వేరే" అని కూడా అన్నాడు. వాళ్ల నాయన కాలంలో ఊరి బయట లంద, అంటే తోళ్లు పదునుచేసే తొట్టి, ఉండేదట. తోళ్లు తంగేడు చెక్కలో నానేసి, చివర్న కరక్కాయ పట్టించేవాళ్లట. అలా ఊన్చిన తోళ్లు మద్రాసు నుంచి ఓడలెక్కి ఇంగ్లండుకు పోయేవి. వాటిని మాత్రం ప్రయాణమునందు అక్కరలేదని ఎవరూ అనలేదు.

పదిరోజులు మా వసారాలో కూర్చుని పని చేశాం. నాది పొడి బ్రష్షు పని. ఎర్రపొడి రాలే తోలు నిలబడాలంటే హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్ అనే పొడిని ఆల్కహాల్లో కలిపి పలచగా పూయాలి. మా అన్న ఒకసారి వచ్చి, ఆల్కహాలు తోలుకు పోస్తున్నారా అని నిజంగా బాధపడి వెళ్లాడు. పెద్దాయనది కుట్టు పని. నారదారానికి తేనెమైనం పట్టించి, రెండు చివర్లా రెండు సూదులు ఎక్కించి, ఒకే రంధ్రంలో ఎదురెదురుగా దూర్చి లాగడం. ఒక దారం తెగినా రెండోది పట్టుకునే ఉంటుంది, మిషన్ కుట్టు అలా నిలవదు. కొత్త రంధ్రం ఒక్కటి పొడవలేదాయన. పాత కుట్టు పోయిన రంధ్రాలనే ఒక్కొక్కటీ ఆరెతో తడిమి వెతుక్కుంటూ పోయాడు. పిడి కుట్టడానికి ఒక పూట పట్టింది. మూతకు మందు పూయడం మిగిలి ఉండగానే ముహూర్తం దగ్గరపడిందని మా అన్న పెట్టె తెమ్మన్నాడు.

పెట్టెను ఆటోలో పెట్టుకుని ఇద్దరం పోయాం. కూలి 600 అనుకున్నాం. గేటు బయటే 300 చేతిలో పెట్టారు. గేటు లోపలికి రమ్మనలేదు. మంచినీళ్లు అడిగితే వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులో వచ్చాయి. నాకు స్టీలు గ్లాసులో కాఫీ. ఆయన వెనక్కి తిరిగి పది అడుగులు కూడా వేయలేదు, మా వదిన చెంబుతో పసుపునీళ్లు తెచ్చి పెట్టె మీద చల్లింది. "యాడాడ ముట్టుకొచ్చిందో ఏమో" అంది. ఎద్దు తోలమ్మా అది! వందేళ్ల కిందట చచ్చిన ఎద్దు ఒంటి మీది తోలు! అది పూజగది పక్కన ఉండొచ్చు, మూడు లైట్ల కింద ఉండొచ్చు, ఎవడో ముక్కూ మొహం తెలియని దొర చెయ్యి తగిలింది కాబట్టి వంశగౌరవం కావొచ్చు. దాన్ని బతికించిన చెయ్యి తగిలితే మాత్రం మైల. సిగ్గు లేదా మనకు? మనకు అనే అంటున్నాను. ఆ పూట నేనేం చేశాను? కాఫీ తాగాను.

ఎర్రపొడి రాలే తోలు మీద నీటిచుక్క పడితే కాల్చినట్టు నల్లగా మచ్చ పడుతుంది. మళ్లీ పోదు. మూత నిండా పడ్డాయి, చెంబు చల్లినంత మేరా. వాటిని కప్పెట్టడానికే సోఫాలు చేసేవాణ్ని పిలిచి పెట్టెకంతా నల్ల పాలిష్ కొట్టించారు. అదీ ఆ నిగనిగ కథ.

వారం తర్వాత చెప్పు తెగితే వేపచెట్టు కిందికి పోయాను. "పెట్టె యెట్లుండాది సార్, ఒక తూరి చూపిచ్చండి" అన్నాడు పెద్దాయన. ఫోనులో ఫొటో ఇచ్చాను, పాలిష్ కొట్టకముందు తీసింది. రెండు వేళ్లతో పెద్దది చేసుకుని ముందు పిడి చూసుకున్నాడు, ఆ కుట్టు మీద కాసేపు ఆగాడు. తర్వాత వేలు మూత మీదికి జరిగింది.

"ఈ మచ్చలు నీళ్లవి కదా సార్. ఎవురు పోసిరి?"

"వానలో తడిసిందిలే అన్నా," అన్నాను.

"మాఘంలోనా?" అన్నాడు. ఫోను నా చేతికిచ్చి, నా చెప్పు తీసుకున్నాడు.