నొప్పుల దగ్గర ఎవరు కూర్చుంటారు?

తొలి కానుపుకి పుట్టింటికి వచ్చిన మా చెల్లిని ఎనిమిదో నెల చెకప్‌కి విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. బీపీ బాగుంది, షుగర్ లేదు, బిడ్డ తల కిందికే తిరిగింది. ఫైలు చేతికిస్తూ కౌంటర్లో అమ్మాయి అడిగింది: "ముహూర్తం ఏమైనా చూసుకున్నారా అండీ?" మా అమ్మ అప్పటికే సంచిలోంచి పంచాంగం తీసేసింది. సిజేరియన్ల పాపమంతా డాక్టర్లదే అని ఎవరైనా అంటే నాకు ఆ పంచాంగం గుర్తొస్తుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) లెక్కలో ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కానుపులు ఆపరేషన్లే. ప్రైవేటులో 63 శాతం. దేశం సగటు 21.5. సిజేరియన్లు 10 శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు అదనంగా తగ్గుతున్న దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది.

డబ్బాశ ఉంది, కాదనను. కానీ అసలు కొరత తీరికది. తొలిచూలు నొప్పులు ఒక పూటలో తేలవు. గర్భాశయ ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాక కూడా 12 గంటలు పట్టొచ్చు. ఓపీ, ఆపరేషన్లు, సాయంత్రం ఇంకో క్లినిక్ చూసుకునే డాక్టరమ్మ అంతసేపు ఎక్కడ కూర్చుంటుంది? నడిపిస్తూ, నడుం రాస్తూ, పావుగంటకో అరగంటకో బిడ్డ గుండె చప్పుడు వింటూ పక్కనుండే మనిషి వేరే కావాలి. మిడ్‌వైఫ్ అంటే ఆవిడే.

ఆ మాట వినగానే మనవాళ్లకి మంత్రసాని కళ్లముందు మెదులుతుంది. "మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాల్సిందే" అన్న సామెతా మెదులుతుంది. ఈమె అలా ఏదొచ్చినా పట్టే మనిషి కాదు. కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం నర్సింగ్ చదివి, ఆపైన 18 నెలల శిక్షణ పొందాలి. ఏది తన చేతిలో పని, ఏది డాక్టర్ని పిలవాల్సిన పని అని తేల్చుకోవడమే ఆ శిక్షణలో సగం. బీపీ పెరిగినా, కవలలైనా, బిడ్డ ఎదురుకాళ్లతో ఉన్నా కేసు డాక్టర్‌దే. అందుకే మిడ్‌వైఫ్ యూనిట్ పక్కన ఆపరేషన్ థియేటర్ ఉండాలంటాను. మన్యంలోని పాడేరు నుంచి ఘాట్ రోడ్డు దిగి విశాఖలోని పెద్ద సర్కారీ ఆసుపత్రి కేజీహెచ్‌కి అంబులెన్స్‌లో వచ్చే గర్భిణి ఇంటివాళ్లకి ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు.

నిజానికి సర్కారీ ఆసుపత్రుల్లో నార్మల్ కానుపులు చాలావరకు చేస్తున్నది స్టాఫ్ నర్సులే. విశాఖ పాత ఊళ్లో ఆడవాళ్ల సర్కారీ ఆసుపత్రి, ఘోషాసుపత్రిలో పురుడు పోసుకున్న ఏ తల్లినైనా అడగండి, డాక్టర్ కంటే ముందు సిస్టర్ పేరే చెబుతుంది. ఆ సిస్టర్‌కి లేనివి అధికారం, ఒక్క తల్లి దగ్గరే ఉండే వీలు. శిక్షణ ఇప్పించి మళ్లీ ఆమెనే ఏ ఐసీయూ డ్యూటీకో వేస్తే ఖర్చే తప్ప ఫలితం ఉండదు. అదే సర్వేలో సిజేరియన్లలో 60.7 శాతంతో దేశంలోనే మొదట నిలిచిన తెలంగాణ కూడా చివరికి మిడ్‌వైఫ్‌ల వైపే చూసింది.

విశాఖలో ఇవాళ మిడ్‌వైఫ్‌ని ఎంచుకోవాలన్నా వెతుక్కోవాల్సిందే. అడగడానికి మాత్రం ఎవరూ అడ్డురారు. తర్వాతి చెకప్‌లో మా చెల్లే అడిగింది, రాత్రి నొప్పులొస్తే దగ్గర ఎవరుంటారని.

"డ్యూటీ సిస్టర్ ఉంటారండీ."

"ఒక్కరేనా? ఎన్ని బెడ్లకి?"

ఆ అమ్మాయి లోపలికెళ్లి కనుక్కొని వచ్చింది. ఆరు.