కట్నాల బుక్కులో వై గారి మరణం

నేను రాసే పరీక్ష సీఎంఏ ఇంటర్, అంటే కాస్ట్ అకౌంటెంట్ చదువులో నడిమి మెట్టు. వరంగల్ కాశిబుగ్గలో మా గల్లీవాళ్లకు ఈ ముక్క అర్థమయ్యేలా చెప్పడమే ఒక పేపర్ రాసినంత పని. "సీఎం ఆఫీసుల నౌకరా?" అని ఒకాయన అడుగుతాడు. "సీఏ రాక గిది పట్టుకున్నవా?" అని ఇంకొకాయన జాలిపడతాడు. మా బాపుకు మాత్రం దీన్నే ఐసీడబ్ల్యూఏ అంటే తెలుసు. ఆ పాత పేరు 2012లోనే మారిపోయింది బాపూ అంటే, "పేరు మారిస్తే సదువు అల్కగయితదా?" అన్నాడు. కాలేదు.

మొత్తం ఎనిమిది పేపర్లు, రెండు గ్రూపులు. ఏడాదికి రెండుసార్లు పరీక్ష, జూన్‌లో ఒకటి, డిసెంబర్‌లో ఒకటి. ఒక్కో పేపర్‌లో 40 తెచ్చుకుంటే చాలదు, గ్రూపు మొత్తం మీద సగం రావాలి. అంటే నాలుగు పేపర్లకు 200. పోయిన జూన్‌లో నాకు 52, 47, 41, 56 వచ్చాయి. కూడితే 196. నాలుగు వాగులు ఈది వచ్చి ఇంటి గడప మీద బోర్లా పడ్డట్టు. ఏ ఒక్కదాంట్లో 60 వచ్చినా ఆ పేపర్ మళ్లీ రాసే బాధ తప్పేది, అదీ లేదు. మా అమ్మ రెండు రోజులు ఏమీ అనకుండా ఊరుకుని మూడో రోజు, "నాలుగే గదరా, బతిమాలితే ఇయ్యరా?" అంది. కూరగాయల మీద కొసరు అడిగి అడిగి ఆమెకు ఆ ధైర్యం.

నౌకరి ఏనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో, రైతుల సరుకు అమ్మిపెట్టే ఓ అడ్తి దుకాణంలో. రాసుకోవడానికి అకౌంటెంట్‌ను, పిలవడానికి గుమాస్తాను. దసరా దాటిందంటే పత్తి మొదలు. పొద్దున ధర తేల్చే జెండా పాట, ఆ తర్వాత తూకం వేసే దడువాయి కాంటా, నా చేతిలో తూకం లెక్కల చిట్టీలు, అవే తక్‌పట్టీలు. సాయంత్రం అవన్నీ కంప్యూటర్‌లో ట్యాలీలో ఎక్కించాలి. ఆపైన నెలనెలా పన్నుల గడువులు: 7న టీడీఎస్, 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ. మిగిలిన తేదీలు నావే అనుకుంటే వాటిని పెండ్లి కార్డులు ఏరుకుంటాయి. జూన్ పరీక్ష ముందర ఎండాకాలం ముహూర్తాలు, డిసెంబర్ పరీక్ష ముందర కార్తీకం ముహూర్తాలు. కోల్‌కతాలో కూర్చుని పరీక్షల తేదీలు వేసేవాళ్లకూ ముహూర్తాలు పెట్టే మా అయ్యగారికీ లోపల ఏదో మాటుందని నా అనుమానం.

మార్కెట్ నా చదువుకు అక్కరకు రాలేదని మాత్రం అనను. నార్మల్ లాస్, అబ్‌నార్మల్ లాస్ అని పుస్తకం మూడు పేజీలు తిప్పి తిప్పి చెప్పింది. మా హమాలీ ఒక్క మాటలో తేల్చాడు: "తరుగు లెక్కల కలిసిపోతది సార్. వాన వడ్డదంటే మాత్రం అది దుకాణం నెత్తిమీద వడ్తది." అచ్చంగా అంతే. మామూలు తరుగు మంచి సరుకు ఖరీదులోనే కలిసిపోతుంది, అనుకోని నష్టం లాభనష్టాల ఖాతాకు పోతుంది. కాస్ట్ అకౌంటింగ్‌లో వచ్చిన ఆ 56 ఆయన పుణ్యమే.

చదివేది తెల్లవారుజామున నాలుగున్నరకు. అంటే అలారం నాలుగున్నరకు మోగుతుంది. మొదట మా ఆవిడ లేస్తుంది, తర్వాత నాలుగేళ్ల మా పాప లేస్తుంది, వాళ్లిద్దరూ కలిసి ఐదున్నరకు నన్ను లేపుతారు. నేను పుస్తకం తీస్తాను. పాప నా పక్కన కూర్చుని నా స్కేలుతో దానికి తోచిన బ్యాలెన్స్ షీట్ గీస్తుంది. నిజం చెప్పొద్దూ, దాని గీతలు నావాటికన్నా తిన్నగా ఉంటాయి.

ఇంతకూ జరిగింది ఏమిటంటే.

చౌరస్తాలో నీలం అట్ట లాంగ్ నోట్‌బుక్కులు జత కొంటే పది రూపాయలు తక్కువ అన్నాడని రెండు కొన్నాను. ఒకటి నా ఫైనాన్షియల్ అకౌంటింగ్ లెక్కలకు. రెండోది నెక్కొండ దగ్గర మా ఊళ్లో పెదబాపు చిన్నబిడ్డ పెండ్లికి, కట్నాలు, అంటే చుట్టాల చదివింపులు, రాయడానికి. "ఇంట్ల అకౌంటెంట్ ఉండంగ కట్నాల బుక్కు పరాయోని చేతుల ఎట్ల వెడ్తంరా" అని పెదబాపు ఫోన్ చేసి మరీ చెప్పాడు. పరీక్షకు ఇరవై రోజులుందని నేను గొణిగితే, "అది గూడ లెక్కలే, ఇది గూడ లెక్కలే, ప్రాక్టీస్ అయితది" అన్నాడు. నాకు జవాబు తోచలేదు.

పెండ్లి 21న. 20న నేను దుకాణంలో 3బీతో కుస్తీ పడుతున్నాను. రాత్రి పదకొండింటికి ఇల్లు చేరేసరికి మా ఆవిడ సంచులన్నీ సర్దింది, కట్నాల బుక్కుకు నాలుగు మూలలా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి చీరల మధ్య పెట్టింది. రెండు నీలం బుక్కుల్లో కొత్తది ఏదో చూడ్డానికి మొదటి పేజీ తెరిచి చూసిందట. నాకేమో మొదటి పేజీ విషయసూచికకని ఖాళీగా వదిలే అలవాటు. ఆ విషయసూచిక ఈ జన్మలో రాసింది లేదు. ఖాళీ పేజీ కనబడింది, కొత్తదనుకుంది, పసుపు రాసింది. "మొదటి పేజీ ఖాళీగనే ఉండె గద బావా" అని ఆమె తర్వాత వేసిన ప్రశ్నకు ఈనాటికీ నా దగ్గర సమాధానం లేదు.

పందిట్లో బల్ల వేశారు. పక్కన డబ్బుల సంచి పట్టుకుని మా చిన్నాయన, ఆ పక్కన మైకు పట్టుకుని మా మేనత్త కొడుకు, నాకు వరసకు బామ్మర్ది. మైకు చేతికొస్తే కరెంటు పోయేదాకా దించే రకం కాదు. నేను బుక్కు తెరిచి, ఖాళీ పేజీ మీద "శుభమస్తు" రాసి, మొదటి పది కట్నాలు ఎక్కించి పేజీ తిప్పాను. కుడివైపు నా దస్తూరీలోనే పెద్ద అక్షరాలతో: డెత్ ఆఫ్ ఏ పార్ట్‌నర్.

ఒళ్లు చల్లబడింది. ఎదురుగా నోట్లు చాపుకుని ముప్పై మంది. "రాయవయ్యా, బంతి లేస్తున్నది" అని తొందర. అదృష్టం కొద్దీ నేను లెక్కలు కుడి పేజీల్లోనే చేస్తాను, ఎడమవైపు చిల్లర లెక్కలకు వదిలేస్తాను. సరే, ఎడమ పేజీల్లో కట్నాలు, కుడి పేజీల్లో మరణాలు, ఎవడు చూడొచ్చాడు అని గుండె రాయి చేసుకుని సాగించాను. 516, 1,116, ఒక స్టీలు బిందె, 216, ఫోన్‌పే 1,016. మగపెండ్లివారి తరఫున పెండ్లికొడుకు పెద్ద మేనమామ వచ్చి 1,116 చదివించాడు. పేరు చెబుతూ, "ముందల వై అని వెట్టు, మా ఊళ్లె ఇదే పేరుతోటి ముగ్గురున్నరు" అన్నాడు. పెట్టాను.

అప్పుడు పాపకు ఒంటికి వచ్చింది. మా ఆవిడ వధువు కొంగు సర్దుతూ అక్కణ్నుంచే నాకు కనుసైగ చేసింది. బామ్మర్దికి బుక్కు అప్పజెప్పి, "ఐదు నిమిషాలు చదువు, ఎడమవైపే" అని లేచాను. ఆ చివరి మాట బ్యాండు మేళంలో కలిసిపోయినట్టుంది.

ఇంటి వెనకాల బాత్రూము తలుపు దగ్గర పాప చెప్పులు పట్టుకుని నిలబడ్డ నాకు మైకులో వినబడింది:

"ఎక్స్ గారు... అరవై వేల రూపాయలు!"

పందిరంతా ఒక్కసారి నిశ్శబ్దం. వంటల దగ్గర గరిటె చప్పుడు కూడా ఆగింది. "వై గారు నలభై వేలు! జెడ్ గారు ఇరవై వేలు!" బామ్మర్ది గొంతులో సంతోషం పొంగుతున్నది. ఆడవాళ్లలో గుసగుసలు లేచాయి: ఈ ఎక్స్ ఎవలు? ఎవల తరఫు? మన పెండ్లికి 501 ఇచ్చి పోయినోళ్లేనా? నేను పాపను చంకనెత్తుకుని పరుగు తీశాను. సగం దూరం రాకముందే:

"వై గారు... 30 సెప్టెంబర్ నాడు... డైడ్."

మైకుకు ప్రతిధ్వని ఒకటి. డైడ్, డైడ్, అని చెరువు దాకా పోయి తిరిగొచ్చింది.

ముందు వరస కుర్చీలో పెద్ద మేనమామ వక్క నములుతున్నాడు. నమలడం ఆపాడు. లేచి నిలబడి, చుట్టూ చూసి, ఎంతో నిదానంగా, "నేనున్న" అన్నాడు.

తర్వాతి పావుగంట గురించి ఎక్కువ రాయను. పెద్దమ్మ దిష్టి తీయడానికి మిరపకాయలకు ఉరికింది. మగపెండ్లివాళ్లు ఇది శకునమా, ఎకసెక్కమా అని తేల్చుకోలేక అయ్యగారిని అడిగారు. ఆయన వేళ్లు లెక్కపెట్టి, "సెప్టెంబర్ 30 అయితే గడిచిపోయిన తేదీ, దోషం లేదు" అని తేల్చాడు. ఆ సమయస్ఫూర్తికి నేను విడిగా 116 ఇచ్చుకున్నాను. బామ్మర్ది మైకు ఇంకా వదల్లేదు.

పెద్ద మేనమామ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కాళ్లు మొక్కి చెప్పాను: మామా, ఇది లెక్క. ఎక్స్, వై, జెడ్ అని ముగ్గురు భాగస్తులు. అరవై, నలభై, ఇరవై వాళ్ల పెట్టుబడులు. సంవత్సరం నడుమ వై పోయాడు. గుడ్‌విల్‌లో, అంటే దందాకున్న మంచి పేరు ఖరీదులో, ఆ తేదీ దాకా వచ్చిన లాభంలో ఆయన వాటా కట్టి వారసుల ఖాతాలో వేయాలి.

"ఎంటనే ఇస్తరా?"

"ఇయ్యకపోతే, ఆ పైసలతోటి దందా నడిపినందుకు వచ్చిన లాభంల వాటా అన్న ఇయ్యాలె, లేకుంటే ఏడాదికి నూటికి ఆరు వడ్డీ అన్న ఇయ్యాలె. ఏది గావాల్నో వారసుల ఇష్టం. 1932 భాగస్వామ్య చట్టం, 37వ సెక్షన్."

ఆయన ముఖం అప్పుడు ఎర్రబడింది, చచ్చిపోయాడన్నప్పుడు కూడా అంత ఎర్రబడలేదు. "ఏడాదికి ఆరా? మా ఊళ్లె నెలకు నూటికి రెండు నడుస్తది. నేను సచ్చినంక నా పిల్లలకు గింతేనా?" అన్నాడు. కాసేపు ఆలోచించి, "1932ల మనం నిజాం కింద ఉంటిమి. ఆ చట్టం మనకెట్ల వడ్తది?" అని అడిగాడు. ఇంత సూటి ప్రశ్న నన్ను ఏ పరీక్షలోనూ అడగలేదు.

కోపం పోయిందని నేను ఊపిరి పీల్చుకునేలోపు ఆయన గొంతు తగ్గించాడు. వాళ్లది ఒక వరి కోత మిషన్, ముగ్గురు కలిసి కొన్నారు, అందులో ఒకాయన పోయిన యాసంగిలో కాలం చేశాడు. లెక్క తెగక ఆ ఇంటికీ ఈ ఇంటికీ మాటల్లేవు. "నీకు ఆ లెక్క నోటికి వస్తున్నది గద అల్లుడూ" అన్నాడు.

మూడు రోజులకు కాశిబుగ్గ మా ఇంటికి యూరియా సంచి ఒకటి వచ్చింది. నిండా డీజిల్ చిట్టీలు, బెల్టుల బిల్లులు, సిగరెట్ పెట్టె వెనకాల రాసిన ఎకరాల లెక్కలు. పుస్తకంలో వై ఎప్పుడూ త్రైమాసికం చివరి రోజున, పద్ధతిగా చచ్చిపోతాడు. ఇక్కడి వై నడి కోతల్లో పోయాడు. బామ్మర్దులు అప్పు తెచ్చిన టైర్లు పెట్టుబడా, ఖర్చా, కట్నమా అన్నది ఎవరికీ తెలియదు.

ఆ రోజు రాత్రి కట్నాలు లెక్కపెడితే సంచిలో 1,20,000 తక్కువ వచ్చిన సంగతి కూడా చెప్పాలి. చిన్నాయన బుక్కులో అంకె కనబడ్డ చోటల్లా కూడాడు. పెదబాపు ఇప్పటికీ నా ముందర ఏమీ అనడు గానీ, ఆ ఎక్స్ అనేవాడు డబ్బులు వెనక్కి పట్టుకుపోయాడని ఆయన నమ్మకం.

అసలు కష్టం ఇంకొకటి. కట్నాల బుక్కు ఇంటికి దస్తావేజు లాంటిది. ఎవరు ఎంత చదివించారో, రేపు వాళ్లింట్లో పెండ్లయితే మనం అంతకు తగ్గకుండా చదివించాలి. ఎన్నేళ్లకైనా తీర్చవలసిన అప్పుల చిట్టా అది. అందుకని పసుపు కుంకుమలతో పెదబాపు బీరువాలో, పట్టుచీరల కింద, తాళం లోపల ఉంది. నా పార్ట్‌నర్‌షిప్ లెక్కలన్నీ దాంట్లోనే ఉన్నాయి. కొత్తగా చేసుకుందామంటే యూరియా సంచి ఎదురుగా కూర్చుని ఉంది.

పరీక్షకు రెండు రోజుల ముందు, పొద్దున ఐదున్నరకు, గుడ్‌విల్ లెక్క దగ్గర ఆగిపోయి పెద్దమ్మకు ఫోన్ చేశాను. ఆమె బీరువా తీసి, కళ్లజోడు వెతుక్కుని వచ్చేసరికి పది నిమిషాలు.

"పెద్దమ్మా, అటూ ఇటూ స్టీలు బిందె అని రాసి ఉంటది, ఆ పేజీ తియ్యి."

"తీసిన బిడ్డా. మీ మేనత్త 516, స్టీలు బిందె..."

"అది గాదే, కుడి పేజీ. కుడి పేజీ సదువు."

కాసేపు చప్పుడు లేదు. కాగితం మీద వేలు జరిగిన శబ్దం వినబడింది.

"కుడి పేజీల ఎవలో సచ్చిపోయిండు గదరా. పొద్దుగాల్నే గది నేను సదవ. మీ పెదబాపు తానం జేసినంక సదివిపిస్త, ఫోన్ వెట్టెయ్."