కాకతి రుద్రమకు ఆటలో చోటెక్కడ?

2018 సెప్టెంబరులో ప్రాచీన యుద్ధాల కంప్యూటర్ ఆట ‘టోటల్ వార్: రోమ్ 2’పై, ఆటలు అమ్మే స్టీమ్ వేదికలో తిట్ల సమీక్షలు వెల్లువెత్తాయి. చేసిన నేరం, సేనాపతుల్లో ఆడవాళ్లను చూపించడం. తయారీదారులు లెక్క బయటపెట్టారు: చాలా రాజ్యాల్లో మహిళా సేనాని దొరికే అవకాశం 10-15 శాతం, ఆఫ్రికాలోని ప్రాచీన రాజ్యం కుష్‌లో 50 శాతం, రోమ్, కార్తేజ్, గ్రీకు రాజ్యాల్లో సున్నా. అయినా చరిత్రను చెడగొట్టారన్న గోల ఆగలేదు. చరిత్రలో రోమ్ చేతిలో నాశనమైన కార్తేజ్ సేనతో అదే ఆటలో రోమ్‌నే నేలమట్టం చేయవచ్చు. అప్పుడు మాత్రం చరిత్ర ఎవరికీ గుర్తు రాదు. డ్రాగన్లు ఎగిరే కల్పిత లోకాల్లోనూ ఇదే వాదన తెచ్చేవారికి జవాబు చెప్పడం దండగ.

నాకు మధ్యయుగపు రాజవంశాన్ని నడిపించే ఆట ‘క్రూసేడర్ కింగ్స్ 3’ (2020) పద్ధతి నచ్చుతుంది. అందులో వివక్ష చట్టంగా రాసి, కళ్లెదుటే ఉంటుంది. పెత్తనం మగవారిదా, ఆడవారిదా, ఇద్దరిదీనా అన్నది మతాన్ని బట్టి తేలుతుంది. మంత్రి పదవులూ దాని వెంటే నడుస్తాయి. ఆట మొదలుపెట్టే ముందే ఈ నియమాన్ని సమానం చేయవచ్చు, తలకిందులూ చేయవచ్చు.

మామూలు నియమంతోనే ఆడాను. కూతురు పుట్టిందన్న కబురు తెర మీదికి వచ్చిన మరుక్షణం, పొరుగు రాజ్యంలో పెళ్లికాని కుర్రాళ్ల జాబితా తెరిచాను. ఏ సంబంధానికి ఎంత సైన్యం తోడొస్తుందో చూశాను. పిల్ల పేరు ఇంకా చదవనేలేదు. ఏ ఉపన్యాసమూ నన్ను అంత సిగ్గుపరచలేదు.

పెళ్లి ఖాయం చేసేటప్పుడు ఒక చిన్న గడి కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుంటే పిల్లలు తల్లి వంశానికి చెందుతారు. ఓరుగల్లులో అలాంటిదే నిజంగా జరిగింది. రుద్రమదేవి భర్త వీరభద్రుడు నిడదవోలు చాళుక్యుడు. ఆమెకు కొడుకులు లేరు. కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడు 1289లో కాకతీయుడిగానే గద్దెనెక్కాడు. ఆట పరిధి 867 నుంచి 1453 వరకు, పటంలో తెలుగు నేలా ఉంది, కాబట్టి ఈ కథను అక్కడ నడిపించవచ్చు.

కానీ అసలు కీలకం మరొకటి. గణపతిదేవుడు కూతురిని రుద్రదేవ మహారాజుగా నిలిపాడు. చాలా శాసనాల్లో ఆమె మగపేరుతో కనిపిస్తుంది. మధ్యయుగపు జార్జియా దేశపు రాణి తామర్ బిరుదు ‘మెపె’, అంటే రాజు. చట్టాన్ని మార్చకుండానే ఆడపిల్లను సింహాసనం ఎక్కించిన ఎత్తు అది. ఆ ఎత్తు వేద్దామని నియమాల పట్టికంతా వెతికాను. దానికి గడి కనిపించలేదు.